శ్రమ పవిత్రమైనంత ఫలము పవిత్రమగునా?

మన చంద్రపురము ద్రాక్షకు పేరొందిన సీమ కాదు. ఇచట నేల త్రవ్వినచో బొగ్గు దొరకును. తల యెత్తి చూచినచో టేకు, వెదురు, ఇప్పచెట్లు కనబడును. గనుల పనికో, బల్లార్‌పూర్ కాగితపు మిల్లు పనికో, వర్తకమునకో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇచట అనేకము కలవు. రాజురా ప్రాంతము 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే కావున, అచటి వారికి తెలుగు వలస వచ్చిన భాష కూడ కాదు. ఇట్టి మనకు ద్రాక్షతోటలతో నేమి పని యని పాఠకులు అడుగవచ్చును. తోట ఎచటనో యున్నను సీసా ఇచటికి వచ్చును. ఆ తోటకును ఈ సీసాకును నడుమనున్న దూరమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

నురుగు ద్రాక్షాసవమును చేయుట ఓర్పుతో కూడిన విద్య. మొదట ద్రాక్షరసమును పులియబెట్టి సాధారణమైన ఆసవమును సిద్ధము చేయుదురు. దానిని సీసాలలో నింపి, కొంచెము చక్కెరను, ఈస్టును చేర్చి బిగింతురు. అది సీసాలోనే రెండవమాఱు పులియును. అపుడు పుట్టిన వాయువు వెలికి పోలేక రసములోనే కరగి యుండును. లోపలి ఒత్తిడి గాలి ఒత్తిడికి ఐదారు రెట్లగును. ఫ్రాన్సు దేశపు షాంపేన్ సీమలో ఏ సీసాయు కనీసము పదునైదు మాసములు నేలమాళిగలో నిలువనిదే అంగడికి రాదు. పులియజేసిన ఈస్టు చచ్చి అడుగున మడ్డిగా దిగును. సీసాను తలక్రిందుగా వంచి, దినదినమును కొంచెము త్రిప్పుచు, ఆ మడ్డిని మెడలోనికి చేర్చి, తుదకు దానిని వెలికి నెట్టుదురు. అపుడే రసము నిర్మలమై మెఱయును.

ఈ మడ్డిని తీయు ఉపాయము ఒక కుటుంబపు కష్టము నుండి పుట్టినది. రాన్స్ నగరమున 1772లో స్థాపింపబడిన క్లికో వారి వ్యాపారము, 1805లో కొడుకు మరణింపగా, ఇరువదియేడేండ్ల కోడలు బార్బ్ నికోల్ చేతికి వచ్చెను. ఇంట చిన్నబిడ్డ, దేశమున యుద్ధములు. ఆమె మామగారిని ఒప్పించి, అప్పుల నెదిరించి వ్యాపారమును నిలిపెను. సీసాలను వంచి నిలుపుటకు రంధ్రములు గల బల్లను 1816 ప్రాంతమున ఆమె మాళిగలోనే రూపొందించిరి. మహారాష్ట్రమునను ఇట్టి యత్నము జరిగినది. 1980ల దశకమున శాంరావు చౌగులే కుటుంబము పూనా సమీపమున నారాయణ్‌గావ్‌లో ఫ్రెంచి పద్ధతి ననుసరించి నురుగు ద్రాక్షాసవమును చేసి, ‘ఒమర్ ఖయ్యాం’ అను పేరిట ఐరోపాకు పంపెను. ఆ సంస్థ పిదప అప్పులలో చిక్కి నిలువలేకపోయినను, అది వేసిన బాటలో నాసిక్ ప్రాంతమున అనేక తోటలు వెలసినవి.

ఇట్టి తోటను చూచినవానికి గౌరవము కలుగక మానదు. తాత నాటిన తీగను తండ్రి కత్తిరించును. తండ్రి నింపిన సీసాను కొడుకు త్రిప్పును. ఎండకు, వానకు, తెగులుకు ఓర్చి ఒక కుటుంబము తన పేరును సీసాపై వ్రాసికొనును. ఈ శ్రమలో మోసము లేదు. అయినను ఒక ప్రశ్న మిగులును: శ్రమ పవిత్రమైనంత మాత్రమున ఫలమును పవిత్రమగునా?

ఈ ప్రశ్న మనకు పుస్తకములలోనిది కాదు. మన జిల్లాలో ఏండ్ల తరబడి స్త్రీలు చేసిన పోరాటము ఫలించి 2015 ఏప్రిల్ 1వ తేదీ నుండి మద్యనిషేధము అమలులోనికి వచ్చెను. అక్రమ విక్రయములు పెరిగినవనియు, పన్ను రాబడి పోయినదనియు కారణములు చూపి, 2021 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము దానిని ఎత్తివేయ నిశ్చయించెను. పొరుగున గడ్చిరోలి జిల్లాలో 1993 నుండియు నిషేధము కలదు. తెలుగునాటను ఈ కథయే నడచినది. 1990ల ప్రారంభమున నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యా తరగతులకు వచ్చిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతటను వ్యాపింపగా 1993లో సారాయు, 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలెను. చట్టము వచ్చుచున్నది, పోవుచున్నది. కూలి డబ్బుకై గుమ్మమున నిలిచి ఎదురుచూచు ఇల్లాలు మాత్రము అచటనే యున్నది.

సారా వేఱు, ద్రాక్షాసవము వేఱు అని కొందఱందురు. 2022 జనవరిలో పెద్ద దుకాణములలో ద్రాక్షాసవమును అమ్మనిచ్చుటకు మహారాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించినపుడు, అది రైతుకు మేలని చెప్పిరి. ఆ నిర్ణయముపై తీవ్రమైన వాదోపవాదములు చెలరేగినవి. రైతు మాట అసత్యము కాదు. కాని మన రాష్ట్రమున పండు ద్రాక్షలో అధికభాగము పండుగను, ఎండుద్రాక్షగను వినియోగమగుచున్నదే గాని ఆసవముగా మాఱునది స్వల్పము. కావున రైతు బ్రదుకంతయు సీసాలోనే యున్నదనుట సరికాదు. ధనికుని బల్లపై నున్నది సంస్కృతి, పేదవాని చేతిలో నున్నది వ్యసనము అనుట అంతకంటెను సరికాదు. రెండింటిలోను మత్తు నిచ్చు ద్రవ్యమొకటియే. ధనికుడు తప్పినచో ఆదుకొనుటకు వెనుక ఆస్తి యుండును. పేదవాడు తప్పినచో ఆ పూట పొయ్యి వెలుగదు. భేదమంతయు ఇంతియే.

అట్లయిన దోషమెవరిది? తోటవాడు, “నేను పోసి త్రాగింపలేదు” అనును. వర్తకుడు, “అడిగినవానికి అమ్మితిని” అనును. ప్రభుత్వము పన్ను లెక్కను చూపును. త్రాగువాడు, “నా డబ్బు, నా యిష్టము” అనును. ప్రతివాని మాటలోను కొంత నిజము కలదు. కాని చేసినవానికి, చేయించినవానికి, ప్రేరేపించినవానికి, మెచ్చినవానికి కర్మఫలమున భాగము కలదని మన పెద్దలు నిర్ణయించిరి. దోషమును నలుగురికి పంచినందున ఏ ఒక్కరి వంతును సున్న కాదని దీని భావము. తెలిసి త్రాగినవాని తప్పు వానిదే. దానిని తోటవానిపై మోపరాదు. కాని తన సీసా ఎవరి చేరువకు, ఎట్టి ప్రకటనలతో, ఎట్టి ఆశ చూపి పోవుచున్నదో తెలిసికొను బాధ్యత తోటవానిది. లాభము వచ్చు త్రోవను తుదివఱకు ఎఱిగినవాడు, నష్టము పోవు త్రోవను ఎఱుగననుట న్యాయము కాదు.

సీసాలోని మడ్డిని తీయుటకు ఆ కుటుంబములు ఎంత ఓర్పు చూపినవో పైన చెప్పితిని. ప్రతి వ్యాపారమునకును అట్టి మడ్డి యొకటి కలదు. బొగ్గుతో బ్రదుకుచున్న మనకు ఇది తెలియనిది కాదు; మన దీపములను వెలిగించిన గనియే మన గాలిని నలుపు చేసినది. గని కార్మికుని శ్రమ నీచమైనదని ఎవరందురు? అయినను ఆ ధూళి ఎవరి ఊపిరిలో చేరుచున్నదని అడుగక తప్పదు. రసమును నిర్మలము చేయుటకు పదునైదు మాసములు ఓర్చినవారు, తమ వృత్తిని నిర్మలము చేయుటకును అంత ఓర్పు చూపవలెను.

ఇక మన మాట. ఇపుడు మన యిండ్ల పెండ్లిండ్లలోను, పిల్లల ఉద్యోగపు విందులలోను నురుగు సీసా తెఱచుట అక్కడక్కడ కనబడుచున్నది. తెఱచిన వారిని దూషించుట నా ఉద్దేశము కాదు. కాని ఆ విందులో వడ్డించువాడు, బండి నడుపువాడు, ప్రక్క వీథిలోని బాలుడు చూచుచున్నారు. వారి దృష్టిలో మనమును మెచ్చినవారమే. కుటుంబము బిడ్డలకు ఇచ్చు ఆస్తి తోట మాత్రము కాదు, వ్యాపారము మాత్రము కాదు. తాను చేసిన పని ఫలము ఎవరి గుమ్మము ముందు వ్రాలునో అని తల త్రిప్పి చూచు అలవాటు కూడ. శ్రమకు పవిత్రతను చేతులిచ్చును; ఫలమునకు పవిత్రతను ఆ చూపే ఈయవలెను.