గొడ్డలి, కట్టెల కొట్టం, భిక్షాపాత్ర

మన రాయపూర్ తెలుగు ఇళ్లలో ఒకే వస్తువుకు రెండు మూడు పేర్లుండటం వింత కాదు. రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో ఇంట్లో చెంబు, బజారులో లోటా. దానికోసం ఎవరూ తగవుపడరు. అయితే జాజ్ గిటార్ నేర్చుకుంటున్న మన కుర్రవాళ్ల నోట ఇంకో భాష వినబడుతోంది. గిటారును 'యాక్స్' అంటారు, అంటే గొడ్డలి. ఒంటరి సాధన 'షెడ్డింగ్', అంటే కట్టెల కొట్టంలో దూరి తలుపేసుకోవడం. వేళ్ల పనితనం 'చాప్స్'. అది మొదట బాకాలు ఊదేవారి పెదవులకూ దవడలకూ చెల్లిన మాట. కొత్తగా చేరినవాడు వీటికి అర్థం అడిగితే నవ్వుతారు. ఆ నవ్వు సమ్యక్ వాక్కు అనిపించుకుంటుందా?

ఆ మాటలను మాత్రం తొందరపడి తప్పుపట్టలేం. అమెరికాలో తల నెరిసిన నల్లవాణ్ని కూడా తెల్లవారు 'బాయ్' అని పిలిచేవారు. నల్లజాతి వాద్యకారులు ఒకరినొకరు 'మ్యాన్' అని పిలుచుకున్నారు. తాత వయసు మనుషులు 'ఒరే' అని పిలిపించుకున్న వాడల నుంచి వచ్చిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. సాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ గాయని బిల్లీ హాలిడేని 'లేడీ డే' అన్నాడు. ఆమె అతణ్ని 'ప్రెజ్' అంది, అంటే ప్రెసిడెంట్. 1945లో సైన్యం కోర్ట్ మార్షల్ జరిపి అతణ్ని నిర్బంధంలో పెట్టింది. లోకానికి ఖైదీ, తనవాళ్లకు అధ్యక్షుడు.

గౌరవం కోసం పుట్టిన అదే మాట ఇంకొకణ్ని చిన్నబుచ్చడానికి వాడితే? మజ్ఝిమ నికాయంలోని అరణవిభంగ సుత్తంలో బుద్ధ భగవానుడు భిక్షాపాత్రనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఒక జనపదంలో దాన్ని పాతి అంటారు, ఒకచోట పత్త, మరొకచోట సరావ. నా మాటే నిజమని పట్టుబట్టవద్దు, లోకం వాడుకను తోసిపుచ్చనూ వద్దు అన్నాడు. 'అరణ' అంటే కలహం లేనిది. ఈ లెక్కన గిటారును గొడ్డలి అనడంలో దోషం లేదు. గిటార్ అన్నవాడికి సంగీతం రాదని తేల్చేయడంలో ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మాట వారంలో వస్తుంది, వేళ్లు రావు. మెట్రోనోమ్ రెండో, నాలుగో దెబ్బకు మాత్రమే మోగేలా పెట్టుకుని ఒకే పాటను నెలల తరబడి నెమ్మదిగా వాయించాలి. ఎవరికైనా విసుగే. కొందరు మానేస్తారు, కొందరు వేళ్లు వాచేదాకా రుద్దుతారు. సోణుడు ఈ రెండో రకం. రాజగృహ సమీపంలోని శీతవనంలో పాదాలు నెత్తురోడేదాకా నడిచి, ఫలం కనబడక ఇంటికి పోదామనుకున్నాడు. భగవానుడు అతణ్ని వీణ గురించి అడిగాడు: తీగ మరీ బిగిస్తే పలికేదా, మరీ వదిలేస్తే పలికేదా అని. సోణుడు పూర్వాశ్రమంలో వైణికుడు. వాద్యకారుడితో వాద్యకారుల మాటల్లోనే మాట్లాడిన తీరు గమనించదగ్గది. ఆ మాటలు అక్కడ అతనికి తలుపు తెరిచాయి.

ఇండియానాపోలిస్‌కు చెందిన వెస్ మాంట్‌గోమరీ పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి క్లబ్బుల్లో వాయింపుగా బతికాడు. చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని విని ఒక్కొక్క స్వరమే పట్టుకున్నాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకూడదని పిక్ పక్కనపెట్టి బొటనవేలితో మీటాడు. ఆ మెత్తని నాదమే తర్వాత అతని గుర్తయింది. అతని కట్టెల కొట్టం అదే. మన క్వార్టర్ల గోడలూ పలచనివే.