ఒక మూలము, మూడు అనువాదములు

గ్రంథమును లోకమున కందించు విద్వాంసుడు తన సంశయములను చదువరికి చూపవలెనా, దాచవలెనా? ఈ ప్రశ్నకు వేయి సంవత్సరములకు పూర్వము బాగ్దాదు నగరమున నొకరిచ్చిన సమాధానము కాగితముమీద నేటికిని నిలిచియున్నది.

పారిసు నగరపు జాతీయ గ్రంథాలయములో 2346 సంఖ్యగల అరబ్బీ వ్రాతప్రతి అది. అందు అరిస్టాటిలు తర్కగ్రంథముల అనువాదములున్నవి. క్రైస్తవ వైద్యుడును తార్కికుడును నగు అల్ హసన్ ఇబ్న్ సువార్ సిద్ధపరచిన ప్రతిని జూచి 11వ శతాబ్దిలో దీనిని వ్రాసిరి. పుట నడుమ గ్రంథము. అంచులయందును పంక్తుల సందులయందును చిన్న యక్షరములతో టిప్పణములు. ఈ మాటను మరియొక అనువాదకు డిట్లు వ్రాసెను, సిరియాకు భాషలో నిట్లున్నది, అని యవి తెలుపుచుండును. ఏ ప్రతితో సరిచూచిరో గ్రంథాంతమున చెప్పియుండుటయు గలదు. పదార్థములను గూర్చిన గ్రంథమునకు ఇబ్న్ సువార్ ప్రతి, దానికి యహ్యా ఇబ్న్ అదీ ప్రతి, దానికి అనువాదకుడగు ఇస్హాక్ ఇబ్న్ హునైన్ స్వహస్తలిఖితము ఆధారములు. వంశవృక్షము వంటిదే యిది.

హేత్వాభాసములను గూర్చిన గ్రంథముకడ ఇబ్న్ సువార్ మరింత సాహసించెను. యహ్యాయు, ఈసా ఇబ్న్ జుర్ఆయు చేసిన అనువాదములను, ఒక పూర్వానువాదమును, భాగమువెంట భాగముగా ఒకదాని క్రింద నొకటి వ్రాయించెను. కారణమును దాచలేదు. అనువాదకునకు రెండు భాషలును రావలెను, విషయమును తెలియవలెను. సిరియాకులోనికి తెచ్చిన అథనాసియసు అరిస్టాటిలు భావమును గ్రహింపలేదు. తరువాతివారు వ్యాఖ్యానము లేక తమ బుద్ధినే నమ్ముకొనిరి. కావున ఒకదాని కొకటి తోడ్పడునని అన్నిటిని చేర్చితిని, అని యాతని తాత్పర్యము. ఆ గ్రంథ మెట్టిదో తలచిన ఈ జాగ్రత్త యేల వలసెనో తెలియును. నానార్థములుగల మాటలతో మోసగించు వాదములను అది విప్పిచూపును. శ్లేషను మరియొక భాషలోనికి తెచ్చుట యెంత కష్టమో మన చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రోగికి ముగ్గురు వైద్యుల అభిప్రాయములు వలదు, ఒక్క మందు వలయును గదా యని యెవరైన నాక్షేపింపవచ్చును. ఇబ్న్ సువార్ వైద్యుడే గనుక ఈ యాక్షేపణ మాతనికి క్రొత్తగాదు. మందు విషయమున వైద్యుడే నిర్ణయించి, ఆ భారమును తానే వహించును. తర్కము చదువువాడో, నిర్ణయించుట నేర్చుకొనుటకే వచ్చినాడు. వాని పని మనమే చేసి, నేర్పితిమనుకొనుట న్యాయము కాదని మా యభిప్రాయము. ముగ్గురి మాటలను జూచి చదువరి కలతపడును, నిజమే. కాని ఒక్క అనువాదమును మాత్రమే చూచినవాడు తన నిశ్చింత కాధారమేమో యెరుగడు.

ఆ కాలపు కాగితపు పుట వెనుక శరీరశ్రమయు గలదు. 974లో మరణించిన యహ్యా క్రైస్తవుడు. అయినను తబరీ రచించిన ఖురాను వ్యాఖ్యానమును రెండుసార్లు ప్రతి వ్రాసితిననియు, రాత్రింబవలు కలిపి నూరు పత్రములవరకు వ్రాయుదుననియు ఇబ్న్ అల్ నదీముతో చెప్పెనట.

అబ్దుర్రహ్మాన్ బదవీ 1948 మొదలు 1952 వరకు కైరోలో ఈ తర్కగ్రంథములను ప్రకటించెను. ఆయనయు మూటిలో నొకటి నెన్నుకొనలేదు. అచ్చులోగూడ ఆ అనువాదములు మూడును ఒకదాని వెంట నొకటి యున్నవి.