14 సెకన్లు

మా పిన్ని కొడుకు బీటెక్ రెండో సంవత్సరం. పోయిన నెల నేను వడ్లమూడి వెళ్ళినప్పుడు బ్యాగుతో సహా వచ్చి, "అన్నయ్యా, ల్యాబ్ రికార్డు బాగా రాయడం ఎలాగో చెప్పు" అన్నాడు. చెప్పడం ఎంతసేపు? ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్ బొమ్మ, కుడివైపు గీతల పేజీలో ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్. చివర జాగ్రత్తలు, అందరూ రాసేవే. రిజల్ట్ చుట్టూ పెట్టె. నేను నాలుగేళ్ళు అలాగే రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కానీ వాడు అడిగింది అది కాదు. "రీడింగులు తేడాగా వచ్చాయి, ఏం చెయ్యాలి?" అన్నాడు.

నాకు వెంటనే 14 సెకన్లు గుర్తొచ్చాయి.

మా కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులో వెంచురీమీటర్ ప్రయోగం. పైపులో నీళ్ళు వదిలి, మానోమీటర్లో పాదరసం తేడా చూసి, కింద ట్యాంకులో నీళ్ళు 10 సెంటీమీటర్లు పెరగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలవాలి. ట్యాంకులోకి నిజంగా వచ్చిన నీటిని, లెక్క ప్రకారం రావాల్సిన నీటితో భాగిస్తే సీడీ వస్తుంది. మంచి వెంచురీమీటరుకి అది 0.97, 0.98 దగ్గర ఉండాలని పుస్తకంలో ఉంది, సీనియర్ రికార్డులో ఉంది, గోడ మీద చార్టులోనూ ఉంది. మాకు ఫుల్ ఫ్లోలో 0.91 వచ్చింది. ఫ్లో తగ్గించిన కొద్దీ ఇంకా పడిపోయి, ఆఖరి రీడింగుకి 0.83 అయింది.

ఆఖరి రీడింగులో టైము 14 సెకన్లు. 12 అయితే సీడీ 0.97 వస్తుంది. 12 వేశాను. మిగతావి కూడా అలాగే వెనక నుంచి లెక్క కట్టుకుంటూ వచ్చాను. అన్నీ కచ్చితంగా 0.97 వస్తే అనుమానం వస్తుంది కాబట్టి అక్కడక్కడా 0.96, ఒకచోట 0.98. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను పెట్టిన బుర్రంతా ఆ తేడాల మీదే పెట్టాను.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మాత్రం ట్యాంకు కింద వంగి చూసింది. డ్రెయిన్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. ఒక పక్క నిండుతుంటే ఇంకో పక్క సన్నటి ధార పోతోంది. కారే నీళ్ళు దాదాపు ఒకే లెక్కన కారుతాయి, కాబట్టి వచ్చే నీళ్ళు తక్కువైన కొద్దీ కారుడు వాటా పెరుగుతుంది. ఫ్లో తగ్గినప్పుడు సీడీ పడిపోవడానికి కారణం అదే. ఆ అంకెలు మాకు వాల్వు సంగతి చెబుతూనే ఉన్నాయి, వినే ఓపిక మాకు లేదు. ఆ అమ్మాయి 0.83 అలాగే వేసి, కింద వాల్వు గురించి నాలుగు లైన్లు రాసింది. రికార్డు మీద ఎర్ర ఇంకుతో 'రిపీట్' అని వచ్చింది. తను రిపీట్ చెయ్యలేదు, నా రికార్డు అడిగి తీసుకుంది. నాకు పదికి తొమ్మిది.

ఇక్కడ నన్ను చాలా ఏళ్ళు ఓదార్చిన వాదం ఒకటుంది. అబద్ధం కావాలంటే ఎవరో ఒకరు మోసపోవాలి కదా? ఈ తంతులో మోసపోయింది ఎవరు? సంతకం పెట్టిన సార్‌కి తెలుసు, ఎక్స్‌టర్నల్‌కి తెలుసు, ఆయనా ఒకప్పుడు 12 వేసినవాడే అయ్యుంటాడు. పెళ్ళిలో అరుంధతి నక్షత్రం చూపిస్తే పట్టపగలైనా 'కనిపించింది' అంటాం. దాన్ని అబద్ధం అనం, ఆచారం అంటాం. రికార్డు కూడా అలాంటిదే అనుకున్నాను.

ఇప్పుడు ఆ వాదం నిలవడం లేదు. అరుంధతి కనిపించిందనడం వల్ల ఏ వాల్వూ కారుతూ ఉండిపోదు. రెండేళ్ళ తర్వాత మా జూనియర్ ఒకడు అదే ట్యాంకు, అదే 0.83, అదే తిప్పలు చెప్పుకుని నవ్వాడు. ల్యాబులో రికార్డులన్నీ 0.97 అంటుంటే వాల్వు ఎవరు మారుస్తారు? ఎవరూ నమ్మని అబద్ధం కూడా నిజానికి రావాల్సిన చోటులో కూర్చుంటుంది.

మన భాష కూడా ఇందులో కొంత పాపం చేసిందేమో. తెలుగు మీడియం ఇంటర్ ఫిజిక్సులో కొలతల పాఠంలో 'క్రమ దోషాలు', 'యాదృచ్ఛిక దోషాలు' అని ఉంటాయి. దోషం అంటే మనకి జాతకంలో ఉండేది, శాంతి చేయించాల్సింది. దాన్ని తీసుకెళ్ళి రికార్డులో రాసి సంతకం పెట్టించుకోమంటే ఎవరికి మనసొప్పుతుంది?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి మందుల కథే ఎక్కువగా చెబుతారు. నాకు ఆయన చేసిన కొలత ఇష్టం. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫేటు అంత ఉన్నట్టు. కండరాల నుంచి తీసిన ద్రవంతో చేస్తే ఆ రంగు రావాల్సినంత వేగంగా రాలేదు, మెల్లగా పెరుగుతూ పోయింది. మా బ్యాచ్ అయితే టైము సర్దేసి ఇంటికెళ్ళేది. వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. అందులో ఇట్టే విడిపోయే ఫాస్ఫరస్ పదార్థం ఒకటి ఉందని, అది ఫాస్ఫోక్రియాటిన్ అని 1927లో తేలింది.

అలాగని వచ్చిన ప్రతి రీడింగునూ నెత్తిన పెట్టుకోవాలని కాదు. ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచిన మిల్లికన్ 1913 పేపర్లో 58 నూనె చుక్కల లెక్కలిచ్చాడు. 60 రోజుల్లో చూసిన చుక్కలన్నీ ఇవేనని కూడా రాశాడు. తర్వాత ఆయన నోటుబుక్కులు తిరగేస్తే ఇంకా చాలా చుక్కలున్నాయి. కొన్ని వదిలేయడానికి ఆయనకి సరైన కారణాలే ఉన్నాయంటారు, నేనూ ఒప్పుకుంటాను. వదిలేయడం తప్పు కాదు. 'అన్నీ ఇవే' అన్న వాక్యమే తప్పు.

ఈ తేడా నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. లోడ్ టెస్టు పది సార్లు నడిపితే మూడు సార్లు సర్వర్ పడిపోయింది. నెట్‌వర్క్ గొడవ అయ్యుంటుందని ఆ మూడూ తీసేసి, ఏడింటి సగటు రిపోర్టులో పెట్టాను. మూడు తీసేశానని రాయలేదు. లైవ్‌కి వెళ్ళాక ఒక శుక్రవారం రాత్రి అది సరిగ్గా అలాగే పడిపోయింది. తెల్లవార్లూ కూర్చున్నది నేను కాదు, నా రిపోర్టు నమ్మి డ్యూటీ తీసుకున్న కుర్రాడు.

మా ఊరికి డెయిరీ ఉంది, సంగం డెయిరీ పేరు వినే ఉంటారు. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటో రెండో గేదెలుండేవి. చిన్నప్పుడు అమ్మ వెనక నేనూ పాలకేంద్రానికి వెళ్ళేవాణ్ణి. పాలకి డబ్బులు లీటర్లను బట్టే కాదు, వెన్న శాతాన్ని బట్టి కూడా. ఒకరోజు మా పాలకి 8 దాటి వచ్చింది. ఎప్పుడూ ఆరున్నర దాటేది కాదు. చీటీ రాసే ఆయన రాసేయబోతుంటే అమ్మ, "అవి మా పాలు కాదు బాబూ, మా గేదె సంగతి నాకు తెలీదా? మళ్ళీ చూడు" అంది. చూస్తే శాంపిల్ సీసాలు మారాయి. మా వెనక నిలబడ్డావిడకి మా ఆరున్నర పడేది. అమ్మకి ఆ పూట వచ్చే డబ్బులు తగ్గాయి. నేను దారంతా అలిగాను, ఎందుకంటే పెరిగిన డబ్బులతో ఏం కొనుక్కోవాలో అప్పటికే అనేసుకున్నాను.

అమ్మకి తన వెనక నిలబడ్డ మనిషి కనిపిస్తోంది. నా వెంచురీమీటర్ వెనక నిలబడ్డ జూనియర్ నాకు కనిపించలేదు. అంతే తేడా అని సరిపెట్టుకోవాలనిపిస్తుంది గానీ, ఆవిడ కనిపించకపోయినా అమ్మ అదే మాట అనేదేమో. అడగలేదెప్పుడూ.

తమ్ముడికి చెప్పాను: వచ్చింది వచ్చినట్టు వెయ్యి, పక్కన ఎందుకలా వచ్చిందనుకుంటున్నావో రాయి, ఏదైనా వదిలేస్తే వదిలేశానని రాయి. మార్కుల గ్యారంటీ నేనివ్వలేను. రిపీట్ రావచ్చు. పదికి తొమ్మిది జేబులో వేసుకున్నవాడు ఇంకొకడికి ఈ సలహా ఇవ్వడం ఎంత సుఖమో నాకు తెలుసు.

"నువ్వలాగే రాశావా అన్నయ్యా?"

"లేదు."

వాడు కాసేపు నా మొహం చూసి అబ్జర్వేషన్ బుక్కు తీశాడు. రీడింగులు పెన్సిల్‌తో ఉన్నాయి. పక్కనే రబ్బరు కూడా ఉంది. లోపల్నుంచి అమ్మ, "కేంద్రానికి టైమైంది, ఆ క్యాను కాస్త అందుకోండ్రా" అని కేకేసింది. వాడే లేచాడు.