కల్పిత లోకంలో వాన ఎవరిది?

కథలో వాన కురిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కురిసిందని వ్రాస్తే కురిసినట్లే. అయితే ఒకే లోకాన్ని పదిమంది చేరి కల్పిస్తున్నప్పుడు కూడా ఈ స్వేచ్ఛ ఇలాగే ఉంటుందా? ఒకరు నిలబెట్టిన కొండ మరొకరి పొలాన్ని ఎండగడితే, "ఇదంతా కల్పనే గదా" అని తప్పుకోవచ్చునా? ఇది పిల్లల ఆటలో పుట్టిన ప్రశ్న. కాని ఆలోచించిన కొద్దీ పెద్దల ప్రశ్నే అని మాకు తోచింది.

ఇక్కడి మన కుటుంబాల పిల్లలు కొందరు రెండేళ్ళుగా ఒక కల్పిత ప్రపంచాన్ని తయారు చేస్తున్నారు. తలా ఒక దేశం. రాజులు, భాషలు, నాణేలు, యుద్ధాలు అన్నీ ఉన్నాయి. ఒకరి కథలో మంచు కురిసిన ఊళ్ళో మరొకరి కథలో కొబ్బరిచెట్లు మొలిచేసరికి తగువు వచ్చి, చివరికి పటం గీసి ఏ దేశంలో ఎండ ఎంత, వాన ఎంత అని రంగులు వెయ్యడానికి కూర్చున్నారు.

ఈ పని మొదట్లో తేలికగానే సాగుతుంది. భూమధ్యరేఖ దగ్గర వేడిగాలి పైకి లేచి అక్కడే వాన కురిపిస్తుంది. ఆ గాలే ముప్ఫై డిగ్రీల అక్షాంశాల ప్రాంతంలో పొడిగా కిందికి దిగుతుంది. సహారా, ఆస్ట్రేలియా నడిగడ్డ ఎడారులు కావడానికి ముఖ్య కారణం అదే. పడమటి తీరం వెంట చల్లటి సముద్ర ప్రవాహం ఉంటే అటకామా, నమీబ్ వంటి ఎడారులు సముద్రపుటొడ్డునే ఉంటాయి. వీటినన్నిటినీ రంగుల్లోకి దించే పద్ధతి వ్లదిమీర్ కొప్పెన్‌ది. ఆయన 1900లో శీతోష్ణస్థితులను విభజించినప్పుడు చెట్టుచేమలను సాక్ష్యంగా తీసుకున్నాడు. రోగి చెప్పని సంగతి నాలుక చెప్పినట్లు, ఏ చోట ఎంత వాన పడుతుందో అక్కడి మొక్క చెబుతుంది. వృత్తిరీత్యా వైద్యులం గనుక మాకు ఆ పద్ధతి నచ్చింది.

చిక్కంతా కొండల దగ్గర వచ్చింది. ఒక అబ్బాయి కోటగోడలా ఉంటుందని తన దేశపు పడమటి తీరం పొడవునా ఎత్తయిన కొండలు గీశాడు. అతనికి తూర్పున ఒక అమ్మాయి దేశం. ఆమె కథల్లో ఏడాది కిందటే వరి పండింది. ఆ ప్రాంతానికి సముద్రపు గాలి పడమటినుంచి వస్తుందని అందరూ ఒప్పుకున్నదే. కాబట్టి కొండ లేచిన రోజునే ఆమె వరి ఎండిపోయింది.

ఈ సంగతి మనకు ఒకరు వివరించనక్కర్లేదు. పడమటి కనుమల మీద అగుంబెలో ఏటా ఏడువేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ కనుమలు దాటి తూర్పుకు వస్తే అనంతపురంలో సుమారు 550. రెంటికీ నైరుతి ఋతుపవనమే దిక్కు. అనంతపురం రైతు చేసిన పాపమేమీ లేదు, కొండకు అవతల పుట్టాడు, అంతే.

పెద్దలు తలా ఒక తీర్పు చెప్పారు. ముందు వ్రాసినవారిదే హక్కు అన్నారొకరు. వోటు పెట్టమన్నారు మరొకరు. ఇంకొక పెద్దాయన "మన పురాణాల్లో పాలసముద్రం ఉంది, నేతిసముద్రం ఉంది. పాలసముద్రం మీది గాలి ఏ వాన తెస్తుందని ఎవరైనా అడిగారా? మంత్రం వేసి వాన కురిపించెయ్యండి" అన్నారు. ఈ మాటను నవ్వి కొట్టిపారెయ్యడానికి లేదు. భాగవత పంచమ స్కంధంలోని భూగోళం చాలా గొప్ప కల్పన. తెలుగులో ఆ స్కంధం వ్రాసిన గంగనను వాన లెక్కలు ఎవరూ అడగలేదన్నదీ నిజమే.

కాని ఆ స్కంధాన్నే కొంచెం జాగ్రత్తగా చదవాలి. మేరువు దాపున ఉండేవారికి ముసలితనం, వ్యాధి, చెమట లేవు. శీతోష్ణాలు కూడా లేవు. (మా వంటివారికి అక్కడ ఉద్యోగం దొరకదు.) జంబూద్వీపంలోని తొమ్మిది వర్షాలలో ఎనిమిది భోగభూములు, భారతవర్షమొక్కటే కర్మక్షేత్రం అని కూడా అక్కడే ఉంది. చలీ ఎండా అంటని చోట సుఖం ఉంటుంది గాని కర్మ ఉండదు. అంటే ఒకరు చేసిన పనికి ఫలితం ఎక్కడో ఒకచోట, తరచు పక్కవాడి పొలంలో, తేలడం ఉండదు. మంత్రంతో వాన కురిపిస్తే అబ్బాయి కొండకు బరువు లేదు, అమ్మాయి వరికి విలువ లేదు. ఇద్దరూ భోగభూమిలో పక్కపక్కన కూర్చుని ఎవరి కథ వారు చెప్పుకుంటారు. కలిసి కల్పించడమంటే అది కాదని మా అభిప్రాయం.

హార్లన్ ఎలిసన్ సంపాదకత్వంలో 1985లో 'మెడియా' అనే పుస్తకం వచ్చింది. చాలామంది రచయితలు ఒకే కల్పిత లోకం మీద కథలు వ్రాశారు. హాల్ క్లెమెంట్, పౌల్ ఆండర్సన్ వంటివారు ముందుగా ఆ లోకపు ప్రకృతిని నిర్ణయించిపెట్టారు. వాళ్ళు సైన్సు తెలిసినవాళ్ళు గనుక అలా చేశారని అనుకుంటాము గాని, పదిమంది కలిసి వ్రాసేటప్పుడు అది మర్యాద కూడాను.

మన పిల్లలు చివరికి పడమటి కనుమల్లోని పాలఘాట్ సందును చూసి తమ కొండల్లోనూ ఒక సందు విడిచారు. కోటగోడకు కన్నం పడిందని అబ్బాయికి కష్టంగానే ఉంది. అమ్మాయి కూడా సగం పొలాల్లో వరి మానుకుని జొన్న వేసింది. వోటు మాత్రం పెట్టలేదు.

వోటుకు మేము ఒప్పుకోకపోవడానికి కారణం ఈ దేశంలోనే ఉంది. 1865లో దక్షిణ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్ జార్జి గోయ్డర్, కరువు తరువాత గుర్రం మీద తిరిగి ఒక గీత గీశాడు. ఆయనకూ మొక్కే సాక్ష్యం: మాలీ చెట్లు ఆగిపోయి ఉప్పుపొదలు మొదలయ్యేచోట గీత. ఇంచుమించు పది పన్నెండు అంగుళాల వాన హద్దు. దానికి ఉత్తరాన పైరు వెయ్యవద్దన్నాడు. తరువాత కొన్నేళ్ళు మంచి వానలు పడ్డాయి. రైతులు, రాజకీయవాదులు కలిసి, నాగలి వెళ్ళినచోటికి వాన వెంట వస్తుందని ఒక నమ్మకం కల్పించుకున్నారు. 1874లో చట్టం మారి గీత దాటడానికి అనుమతి వచ్చింది. 1878లో వెలసిన ఒక ఊరికి ఫారినా అని పేరు పెట్టారు; లాటిన్‌లో పిండి అని అర్థం, అంత గోధుమ పండుతుందని ఆశ. 1880ల మొదట్లో కరువు తిరిగి వచ్చింది. మేము డ్యూటీకి అటువైపు పల్లె ఆసుపత్రులకు వెళ్ళేటప్పుడు రోడ్డు పక్కన గోయ్డర్ గీత అని బోర్డు కనిపిస్తుంది. అది దాటాక కప్పులేని రాతి ఇళ్ళు, పొగగొట్టాలు మాత్రం నిలబడి ఉంటాయి. అందరూ కలిసి చేసిన కల్పనే అదీ. వానను మాత్రం ఎవరూ సంప్రదించలేదు.

లేని ఋతువును నమ్మి బతకడం ఆ రైతులకే చెల్లిందని అనుకోనక్కర్లేదు. జనవరిలో నలభై డిగ్రీల ఎండలో మనం భోగి అంటాము. నిప్పు వెలిగిస్తే జుల్మానా పడే రోజులవి. ఉత్తరాయణమంటే సూర్యుడు మనవైపు తిరిగాడని సంబరం; ఇక్కడ అప్పుడు ఆయన మననుంచి దూరమవుతున్నాడు. పెర్త్ ప్రాంతపు నూంగార్ జాతివారికి, మనకు లాగే, ఆరు ఋతువులు: బిరాక్, బునురు, జెరన్, మకురు, జిల్బ, కంబరంగ్. వాళ్ళు వాటిని ఈ నేలను చూసి పెట్టుకున్నారు. మనం మన ఆరింటినీ ఓడలోనో విమానంలోనో తెచ్చుకున్నాము. ఇందులో తప్పేమీ లేదు, పండగ పంటకే కాదు, అమ్మానాన్నలకు కూడా సంబంధించినది. అయితే తెచ్చుకున్నదేదో, ఇక్కడ ఉన్నదేదో తెలిసి ఉండాలి.

పిల్లలకు ఆ పట్టింపు తక్కువ. తమ లోకంలో ఉత్తర దేశాలకు భోగి జనవరిలోనే ఉంచి, దక్షిణ దేశాలకు జూన్ చివర, చలిలో పెట్టారు. ఒకే పండగ ఏడాదికి రెండుసార్లా అంటే, సూర్యుడు రెండుసార్లు తిరుగుతాడు గదా అన్నారు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మలకు ఈ మార్పు సంగతి ఇంకా తెలియనివ్వలేదు.