భర్మారు నేర్పే ఓపిక

1946–51 సాయుధ పోరాటంలో రైతు చేతికొచ్చిన భర్మారుకు మన కథల్లో ఇంకా గౌరవముంది. వెల్గటూర్ వైపు మక్కచేన్లలో అడవిపందులు పడ్డప్పుడల్లా దాని మాట మళ్లీ వస్తుంది. పిల్లలకు నేర్పొచ్చా?

గొట్టంలో మందు పోయాలి, రవ్వలు వేయాలి, కడ్డీతో దట్టించాలి. ఒక్కసారి పేలిస్తే మళ్లీ మొదట్నుంచీ. ఆ ఆలస్యమే ఓపిక నేర్పుతుందంటారు. నిజమే, కానీ ఓపిక వేటగాడికీ ఉంటుంది. దయ దానంతటదే రాదు.

ఆయుధాల చట్టం (1959) 21 ఏళ్లలోపు లైసెన్సు ఇవ్వదు. శిక్షణకు మాత్రం కొంత వెసులుబాటు ఇస్తుంది. గురి నేర్చుకోవడం వేరు, ఆయుధం సొంతం కావడం వేరు.

మనమేమో దీపావళికి రీలు తుపాకి కొనిచ్చి, తమ్ముడికి గురిపెడితే నవ్వుతాం. గొట్టం ఎవరివైపు తిప్పకూడదో ముందు చెప్పాలి. అది చెప్పలేని ఇల్లు గురి కూడా నేర్పొద్దు.