దూసిన మల్లె, పూయని ఆర్కిడ్

హైదరాబాదులో ఒక కోడలికి గృహప్రవేశం నాడు ఎవరో ఆర్కిడ్ కుండీ ఇచ్చారు. తెల్లటి ఫెలనాప్సిస్. రెండు నెలలు దాటినా పువ్వు వాడలేదు. ఇంటికొచ్చినవాళ్లు ప్లాస్టిక్‌దేమోనని రేకు గిల్లి చూసేవారు. ఆ తర్వాత పూలు ఒక్కొక్కటే రాలి, కాడ ఎండిపోయింది.

అప్పట్నుంచి సేవ మొదలైంది. ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి పెద్ద కుండీలోకి మార్చింది. అడవిలో చెట్టు కొమ్మను కరుచుకుని, వేళ్లు గాలిలో వేలాడేసుకుని బతికే జాతి అది. మట్టిలో ఊపిరాడక వేళ్లు మెత్తబడ్డాయి. నర్సరీ అతను చెబితే బెరడు ముక్కలు, బొగ్గు వేసి మళ్లీ నాటింది. వేరు వెండి రంగుకు తిరిగితే దాహమని, పచ్చగా ఉంటే ఇంకా తడి ఉందని కనిపెట్టింది. ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే కుళ్లుతుందని గుడ్డతో అద్దేది. మొక్క కోలుకుంది, ఆకులు నిగనిగలాడాయి. పువ్వు మాత్రం లేదు.

ఖరీదైన మొక్క! కార్తీకం వస్తే చాలు, పొద్దు వాలకముందే కుండీని హాల్లోకి తెచ్చి కిటికీలు బిగించేది.

ఒక మార్గశిరంలో అత్తగారు వచ్చారు. కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అయినా ఆర్కిడ్ల సంగతి ఆవిడకు తెలియదు. బాల్కనీలో మోడులా నిలబడ్డ మల్లె తొట్టి చూసి, "ఆకు దూసిందెవరమ్మాయ్?" అన్నారు.

"నేనే అత్తయ్యా. కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, నీళ్లు తగ్గించాను. అలా చేస్తేనే కదా వేసవిలో విరగబూసేది."

"మరి లోపలున్న దానికేం చేస్తున్నావు?"

"చలికి పాడైపోతుందని రాత్రుళ్లు బయట ఉంచట్లేదండీ."

"మల్లెకు ఆకు కూడా మిగల్చలేదు. దీనికి గాలైనా సోకనివ్వవా? చలికాలం వచ్చిందని దానికెవరు చెప్పాలి?"

ఆ రాత్రి నుంచి కుండీ తూర్పు బాల్కనీలోనే ఉంది. రాత్రుళ్లు 15 నుంచి 18 డిగ్రీల మధ్య నడుస్తున్న రోజులవి. సంక్రాంతి వెళ్లేసరికి ఒక ఆకు మొదట్లో పచ్చటి మొలక కనిపించింది. వేరేమో అనుకుంది కోడలు. వేరు కొస నున్నగా, గుండ్రంగా ఉంటుంది. దీని కొస మాత్రం బొటనవేలు పక్కకు తీసిన పిల్లల ఉన్ని చేతితొడుగులా ఉంది. అది పూలకాడ. ఉగాదికి పూలు విచ్చాయి.

నీతి: కోడలికి తెలియనిదేమీ లేదు. పది రూపాయల మల్లె దగ్గర చూపిన తెలివి, ఖరీదైన కుండీ ముందు భయంగా మారింది, అంతే. కాపాడటానికీ దాచిపెట్టడానికీ మధ్య తేడా తెలియకపోతే ప్రేమ గదిలో ఋతువులు మారవు. అలాగని వదిలేయమని కాదు, అత్తగారు గాలి సోకనివ్వమన్నారే తప్ప నీళ్లు మానేయమనలేదు. పిల్లల పెంపకంలోనూ ఇదే చిక్కు. ఎంత చలి పడనివ్వాలన్నది పక్కనుండి చూసేవాళ్లకే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఆకులేసి ఊరుకున్న ఫెలనాప్సిస్ ఉంటే, ఈ కార్తీకం నుంచి ఓ నెలన్నర రాత్రుళ్లు బయట ఉంచి చూడండి. 12 డిగ్రీలకు దిగే రాత్రి మాత్రం లోపలికి తెచ్చుకోండి. నడిమధ్యాహ్నపు ఎండ తగలనివ్వకండి, ఆకు కాలుతుంది. విజయవాడలాంటి చోట రాత్రులు అంతగా చల్లబడవు. అక్కడివాళ్లు బజారులో దొరికే ఊదారంగు డెండ్రోబియం తెచ్చుకోవడం మేలు. దానికి చలితో పనిలేదు, వెలుతురు బాగా తగలాలి.