టక్‌మన్న చప్పుడు

నీళ్ల కింద చప్పుడు ఎటువైపు నుంచి వచ్చిందో తెలియదు. గాలిలో కంటే నీటిలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. రెండు చెవులకీ దాదాపు ఒకేసారి అందుతుంది కాబట్టి దిక్కు పట్టుకోలేం. కానీ ఆ రోజు విన్న చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. నా కుడికాలి ఫిన్ కింద నుంచి. చేగోడీ విరిగినట్టు టక్‌మంది. అంతే.

వెనక్కి తిరిగి చూస్తే, జింక కొమ్ముల్లా కొమ్మలేసిన పగడపు పొద ఒకటి. దాని ఒక కొస దగ్గర తెల్లటి మచ్చ. నా చూపుడు వేలంత ముక్క ఇసకలో పడి ఉంది. ముందు చేసిన పని ఏమిటో చెప్పడానికి సిగ్గుగానే ఉంది: ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. ఇన్‌స్ట్రక్టర్ అటు తిరిగి ఉన్నాడు. నా బడ్డీ, అంటే నా రూమ్మేటే, తన గేజ్‌లో గాలి ఎంత ఉందో చూసుకుంటోంది. ఎవరూ చూడలేదు. నా గుండె కుదుటపడింది. ఆ కుదుటపడటం గురించే ఇదంతా రాస్తున్నా.

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్. 2018 డిసెంబరు దాకా హావ్‌లాక్. బోటు వాళ్లంతా ఇప్పటికీ హావ్‌లాక్ అనే అంటారు. హైదరాబాద్ నుంచి ఇద్దరం ఐదు రోజులకి వెళ్లాం. ఏడాది పాటు దాచుకున్న డబ్బు, బతిమాలి తెచ్చుకున్న సెలవు. మొదటి రెండు రోజులూ నడుములోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చుని పాఠాలు. మాస్క్‌లోకి నీళ్లు వస్తే ముక్కుతో ఊది ఎలా బయటికి పంపాలి, నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతే చెయ్యి ఎలా తిప్పి వెతుక్కోవాలి, ఇలాంటివి. మూడో రోజు పద్నాలుగు మీటర్లు దిగాం.

అక్కడి అందం గురించి పెద్దగా రాయను. వీడియోల్లో అందరూ చూసిందే. కానీ వీడియోల్లో కనిపించనిది ఒకటుంది. లోతుకి వెళ్లేకొద్దీ రంగులు పోతాయి, అన్నిటికంటే ముందు ఎరుపు. మా అమ్మమ్మ నల్లపూసల్లో రెండు పగడాలుండేవి. చిన్నప్పుడు పగడం అంటే ఎరుపు, ఎరుపంటే పగడం. తర్వాత తెలిసింది, నగల్లో పొదిగే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం లాంటి చోట్ల లోతుల్లో దొరికే వేరే జాతి అని. దీవుల చుట్టూ గోడలు కట్టే ఈ పగడాలు దానికి దూరపు చుట్టాలు. అమ్మమ్మ పూసల్ని ఇక్కడికి తెచ్చినా బూడిదరంగులోనే కనపడేవి. టార్చి వేస్తే తప్ప ఎరుపు తిరిగి రాదు.

ఫొటో కోసం వెళ్లాను. అద్దెకి తీసుకున్న కెమెరా, నీలిచారల చేప. కెమెరా చేతిలో ఉన్నవాళ్లే ఎక్కువ తగులుతారని బోటులోనే చెప్పారు. ఊపిరి పీలిస్తే పైకి తేలతాం, వదిలితే దిగుతాం, ఆ తూకాన్ని ఊపిరితిత్తులతోనే పట్టుకోవాలి. ఫొటో తీసేటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఊపిరి బిగబడతారు. ఆ తర్వాత వదిలేస్తారు. నేనూ వదిలాను, దిగాను, కాలు ఆడించాను.

బోటెక్కాక లాగ్‌బుక్ నింపాలి. లోతు, సమయం, నీటి వేడి, ఏమేం చూశాం. చివర్లో 'రిమార్క్స్' అని ఒక గడి. నేను 'బాగుంది' అని రాశాను.

ఆ రాత్రి నా తరఫున నేనే వకీలునయ్యాను. మొదటి వాదన: పగడానికి మెదడు లేదు. నరాలు వలలాగా పరుచుకుని ఉంటాయంతే, మనలాగా నొప్పి తెలిసే అవకాశం చాలా తక్కువ. సరే. కానీ నొప్పి లేకపోతే తప్పు లేదనేట్టయితే, పాత గుడి గోడ మీద మేకుతో పేరు చెక్కినవాడిది కూడా తప్పు కాదు.

రెండో వాదన ఇంకా బలమైనది, నిజం కూడా. ఈ కొమ్మల జాతి పగడాలు విరిగి కూడా పెరుగుతాయి. తుపానుకి విరిగిన ముక్క గట్టి చోటు దొరికితే అతుక్కుని కొత్త పొద అవుతుంది. పైగా వేగంగా పెరిగే రకం, ఏడాదికి పది నుంచి ఇరవై సెంటీమీటర్లు. నా వేలంత ముక్క అంటే కొన్ని నెలల పెరుగుదల. అదే పక్కనున్న గుండ్రటి బండ పగడానికి తగిలి ఉంటే? అది ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటుగా పెరుగుతుంది. అంటే నా కాలు ఆ పొదకి తగలడం నా అదృష్టం. కానీ నేను ఎంచుకుని దాన్ని తన్నలేదు కదా. కాలు ఎటుపడితే అటు పోయింది. తక్కువ నష్టం జరిగిందన్న మాట నిజమే, నేను తక్కువ అజాగ్రత్తగా ఉన్నానన్న మాట మాత్రం కాదు.

మూడోది అసలైనది. సముద్రమే వేడెక్కిపోతుంటే నా వేలెడు కొమ్మ ఎంత? నీటి వేడి మామూలు ఎండాకాలపు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తన ఒంట్లో ఉన్న నాచుని బయటికి తోసేస్తుంది. రంగూ అదే, తిండిలో ఎక్కువ భాగమూ అదే. తెల్లబడిన పగడం చచ్చిపోయినట్టు కాదు, పస్తులున్నట్టు. వేడి తగ్గితే కోలుకోవచ్చు, తగ్గకపోతే లేదు. అండమాన్‌లో 2010 ఎండల్లో పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి, 2016లో మళ్లీ. ప్రపంచం మొత్తం మీద నాలుగోసారి ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. అంతకుముందు 2004 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో సముద్రపు నేలే పైకి లేచి, రీఫ్‌లు నీళ్లు దాటి బయటపడి ఎండిపోయాయి. ఇన్ని చావుల మధ్య నా టక్‌మన్న చప్పుడు ఎవరి లెక్కలోకి వస్తుంది?

ఈ వాదన వింటుంటే నాకు వరదల్లో మునిగిన కొట్టులోంచి బిస్కెట్ ప్యాకెట్ ఎత్తుకెళ్లేవాడు గుర్తొచ్చాడు. ఎలాగూ పోయేదే కదా అంటాడు. నిజమే కావచ్చు. కానీ పోతున్నదాని పట్ల మన బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా? మంచాన పడిన మనిషి దగ్గర మనం మామూలు కంటే మెల్లగా నడుస్తాం.

చిన్నప్పుడు విన్న కనకదాసు కథ గుర్తుండే ఉంటుంది. గురువు శిష్యులందరికీ తలో అరటిపండూ ఇచ్చి, ఎవరూ చూడని చోట తినమంటాడు. తలుపు చాటున ఒకడు, చెట్టెక్కి ఒకడు తినేసి వస్తారు. కనకదాసు పండు అలాగే తిరిగి తెస్తాడు, దేవుడు చూడని చోటు దొరకలేదని. నాకు ఈ కథ ఎప్పుడూ కొంచెం మోసంలా అనిపించేది. చూసేవాడు ఉన్నాడు కాబట్టి తినలేదంటే, అది సీసీ కెమెరా కింద ఉద్యోగి బుద్ధిగా పని చెయ్యడం లాంటిదే కదా? చూసేవాడు లేడని నమ్మేవాళ్ల సంగతేంటి? పద్నాలుగు మీటర్ల కింద నాకు దేవుడు గుర్తురాలేదు. ఇన్‌స్ట్రక్టర్ గుర్తొచ్చాడు.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో పాటు. ముక్క జేబులో వేసుకుని వస్తే నేరం. ఫిన్ తగిలి విరిగితే మాత్రం, నువ్వే చెప్పుకోవాలి.

నాలుగో రోజు పొద్దున చెప్పేశాను. ధైర్యం అనుకోకండి, నిద్ర పట్టక. ఇన్‌స్ట్రక్టర్ హిందీలో ఒకటే అడిగాడు, ఎక్కడ అని. తిట్టలేదు, పర్లేదనీ అనలేదు. పర్లేదంటే బాగుండునని ఎదురుచూశానని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. ఒప్పుకోవడం కూడా ఒక బేరమేనేమో. నేను నిజం ఇస్తాను, నువ్వు క్షమాపణ ఇవ్వు. ఆయన సరుకు తీసుకున్నాడు, డబ్బులివ్వలేదు. కెమెరా మాత్రం తీసుకున్నాడు. ఆ డైవ్‌లో మొదట ఖాళీ ఇసక మీద, దేనికీ తగలకుండా, చేతులు కట్టుకుని ఊపిరితోనే నిలబడమన్నాడు. ఐదు నిమిషాలు. అంత కష్టమైన ఐదు నిమిషాలు నాకు గుర్తులేవు.

తర్వాత ఆ చోటికి తీసుకెళ్లాడు.

దొరకలేదు. అలాంటి పొదలు అక్కడ చాలా ఉన్నాయి. ఒక్కోదానికీ విరిగిన కొసలున్నాయి. కొన్ని పాతవి, నాచు పట్టి ముదురు ఆకుపచ్చగా. కొన్ని మానుతున్నవి. నాలుగైదు తెల్లగా, కొత్తవి. ఒకటి చూపించి ఇదా అన్నట్టు వేలు పెట్టాడు. అరచెయ్యి అటూ ఇటూ ఊపాను, తెలియదని. ఇంకోటి చూపించాడు. మళ్లీ ఊపాను. కింద ఇసకలో ముక్కలు కూడా చాలానే ఉన్నాయి. నిన్నటి నుంచి నా మెడకి వేలాడుతున్న ఆ ఒక్క కొమ్మ, అక్కడ ఉన్న అన్ని గాయాల్లో ఏదో ఒకటి. అది చూసి తేలిక పడాలో ఇంకా భయపడాలో తెలియలేదు. ఆ తెల్ల కొసలన్నిటికీ ఒక్కో సెలవు ఉంటుంది, ఒక్కో 'బాగుంది' ఉంటుంది. గేజ్‌లో డెబ్బై బార్‌లు చూపిస్తోంది. పైకి వచ్చేశాం.

చివరి డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా పోవాలి, లేకపోతే పైన తక్కువ పీడనంలో బుడగలు కడుతుంది. ఈ నియమాన్ని ఎవరూ తప్పరు, మన ఒళ్లు కాబట్టి. ఆ పద్దెనిమిది గంటల్లో, జెట్టీ దగ్గర కూర్చుని కొబ్బరినీళ్లు తాగుతుంటే, రావలసిన ఆలోచన అప్పుడొచ్చింది. కొమ్మకి కారణం నేనొక్కదాన్నే. వేడికి కారణం కోట్లమంది, అందులో నా వాటా రెండు విమానాలు, ఎక్కడా చప్పుడు చెయ్యని వాటా. మొదటిదానికి రెండు రాత్రులు నిద్రపోలేదు. రెండోదానికి ఆన్‌లైన్‌లో కిటికీ సీటు ఎంచుకున్నాను.

సిగ్గు నష్టాన్ని బట్టి రాదు, చప్పుడుని బట్టి వస్తుంది. ఇది కనిపెట్టాక రెండు అనుమానాలు. ఒకటి, కొమ్మ గురించి ఇంత బాధపడటం నాకు నేను ఇచ్చుకున్న లంచమేమో, విమానం గురించి అడక్కుండా ఉండటానికి. రెండు, కొమ్మ దగ్గరే సిగ్గుపడటం రానివాళ్లకి కనపడని విమానం పొగ దగ్గర ఎలా వస్తుంది? రెండో మాట నాకు ఇష్టం. ఇష్టమైన మాట కాబట్టే పూర్తిగా నమ్మబుద్ధి కావట్లేదు.

మా బోటులో పనిచేసే కుర్రాడు తెలుగువాడే. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి ఉండిపోయాడట. బాగేజీ మోసి పెట్టి పక్కన కూర్చున్నాడు. కొమ్మ సంగతి అతనికీ తెలిసిపోయింది. "మా నాన్నోళ్లు లంగరు ఆ దిబ్బల మీదే ఏసేవోరక్కా. ఏసి లాగితే బండలు బండలే లేచొచ్చేవంట," అన్నాడు నవ్వుతూ. నన్ను ఓదార్చడానికే అన్నాడనుకుంటా. వాళ్ల నాన్న తిండి కోసం వేసిన లంగరూ, నేను ఫొటో కోసం ఆడించిన కాలూ ఒకటేనా అని అతన్ని అడగలేదు. అడిగితే మర్యాదకి ఒకటేనక్కా అనేవాడు.

ఫెర్రీ వచ్చింది. "మళ్లీ ఎప్పుడొస్తారక్కా?" అన్నాడు.

"వచ్చే జనవరికి," అనేశాను, ఆలోచించకుండానే.